వంటింటి రంగులపెట్టె

పిల్లలూ!

వేసవి సెలవులు వచ్చాయంటే మా ఇంటికి మనవరాలు, మనవడు వస్తారు. మనవరాలికి పదేళ్ళు, మనవడికి ఆరేళ్ళు. పోయిన సెలవులలో ఒకనాటి మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతూ ఉన్నది. బయటికి పోవడానికి వీలు లేదు. పిల్లలిద్దరూ కొంతసేపు వైకుంఠపాళి ఆడారు, కొంతసేపు పోట్లాడుకున్నారు. తరువాత మనవరాలు నా దగ్గరికి వచ్చి, “తాతయ్యా! బొమ్మలు వేసుకుంటాం, రంగులపెట్టె కొనిపెట్టవూ?” అని అడిగింది.

“రంగులపెట్టె మన ఇంట్లోనే ఉన్నదిగా!” అన్నాను.

“ఎక్కడ?”

“వంటింట్లో.”

ఇద్దరూ పరుగెత్తుకు వెళ్ళారు. అలమరలన్నీ వెదికారు. డబ్బాల మూతలన్నీ తీసి చూశారు. చివరకు వాళ్ళ అమ్మమ్మ చేత చీవాట్లు తిని తిరిగివచ్చి, “అక్కడ పోపులపెట్టె తప్ప ఏ పెట్టే లేదు తాతయ్యా!” అన్నారు.

“నేను చెప్పినదీ ఆ పెట్టె సంగతే,” అన్నాను.

ఆ సెలవులలో మేము పోపులపెట్టెలోని వస్తువులతో, పెరట్లోని పూలతో, పాత కాగితాలతో ఎన్నో బొమ్మలు చేశాం. వాటిలో మీరు సులభంగా చెయ్యగలిగిన అయిదు పనులు ఇక్కడ చెబుతాను. ఖర్చు దాదాపు లేదు. ప్రతి పనిలోనూ ఒక వింత ఉన్నది, ఆ వింతకు ఒక కారణమూ ఉన్నది.

అయితే ముందుగా ఒక్క సంగతి. ఏ బొమ్మ వెయ్యాలో నేను చెప్పను. “ఇదుగో, ఇట్లా వెయ్యండి” అని నమూనా కూడా ఇవ్వను. ఎందుకు ఇవ్వనో చివర చెబుతాను. అది నేను చేసిన ఒక తప్పుకు సంబంధించిన కథ.

పని మొదలుపెట్టే ముందు నేల మీద పాత వార్తాపత్రికలు పరవండి. పాత బట్టలు కట్టుకోండి. కత్తితో కొయ్యడం, పొయ్యి మీద కాచడం పెద్దవాళ్ళ పని. రంగులను నోట పెట్టుకోకూడదు. ఆ చేతులతో కళ్ళు నులుముకోకూడదు. ఇక మొదలుపెడదామా?

మొదటి పని: ఎరుపెక్కే పసుపు

కావలసినవి: రెండు చెంచాల పసుపు, అర గ్లాసు గోరువెచ్చని నీళ్ళు, తెల్ల కాగితాలు, సబ్బు ముక్క, ఒక నిమ్మకాయ, దూది, పుల్లలు.

పసుపును నీళ్ళలో బాగా కలిపి, దూదితో కాగితం నిండా పుయ్యండి. నీడలో ఆరబెట్టండి. ఎండలో పెట్టవద్దు; ఎందుకో తరువాత చెబుతాను. ఒక చిన్న గిన్నెలో కాసిని నీళ్ళు పోసి, సబ్బు ముక్కను చిక్కగా అరగదియ్యండి. పుల్ల చివర కొంచెం దూది చుడితే కుంచె తయారైనట్లే. దానిని సబ్బు నీళ్ళలో ముంచి పసుపు కాగితం మీద మీకు తోచిన బొమ్మ గియ్యండి. రంగులేని సబ్బు నీళ్ళతో గీసిన గీత చూస్తూ ఉండగానే ఎర్రబడుతుంది!

ఏదైనా గీత నచ్చలేదనుకోండి. దాని మీద నిమ్మరసం అద్దండి. ఎరుపు పోయి మళ్ళీ పసుపు వస్తుంది. అంటే సబ్బు నీళ్ళు మీ కలం, నిమ్మరసం మీ రబ్బరు అన్నమాట.

దీనికి కారణం ఏమిటి? పసుపులో కుర్కుమిన్ అనే రంగు పదార్థం ఉన్నది. అది ఆమ్లంలో పసుపుపచ్చగానే ఉంటుంది, క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. సబ్బు క్షారం, నిమ్మరసం ఆమ్లం. చొక్కా మీద పడిన కూర మరకను సబ్బుతో రుద్దినప్పుడు అది ఎర్రబడడం మీ అమ్మ ఎన్నోసార్లు చూసి ఉంటుంది. పెళ్ళికూతురి పాదాలకు పెట్టే పారాణి కూడా ఈ మార్పువల్ల వచ్చినదే. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది. సున్నం సబ్బుకంటె గట్టి క్షారం. కంట్లో పడితే చాలా ప్రమాదం. అందుచేత పిల్లలకు సబ్బే చాలు.

ఇప్పుడు ఎండ సంగతి. పసుపు పూసి ఆరబెట్టిన ఇంకొక కాగితం తీసుకోండి. దాని మీద మంచి ఆకారం గల ఆకును, వేపరెమ్మనో కరివేపాకు రెమ్మనో, పరచి పెట్టండి. పైన ఒక గాజుపలక ఉంచి ఎండలో పెట్టండి. గాజుపలకను పెద్దవాళ్ళే ఎత్తాలి, పెద్దవాళ్ళే దించాలి. మంచి ఎండ అయితే ఒకటి రెండు రోజులు, ఎండ తక్కువైతే ఇంకా ఎక్కువ పడుతుంది. తరువాత ఆకు తీసి చూస్తే, చుట్టూ రంగు వెలిసిపోయి, ఆకు ఉన్నచోట మాత్రం పసుపు నిలిచి ఉంటుంది. ఇది ఎండ గీసిన బొమ్మ! కుర్కుమిన్ వెలుతురుకు ఆగలేదు. కాగితాన్ని నీడలో ఆరబెట్టమన్నది అందుకే.

1842లో ఇంగ్లండులో జాన్ హెర్షెల్ అనే శాస్త్రజ్ఞుడు పూలరసాలు పూసిన కాగితాల మీద ఇట్లాగే ఎండతో బొమ్మలు తీశాడు. ఆయనకు పూలతోట ఉపయోగపడినట్లే మనకు పోపులపెట్టె ఉపయోగపడుతున్నది.

రెండవ పని: ఒక పువ్వు, మూడు రంగులు

కావలసినవి: పది ఎర్ర మందారపూలు, అర గ్లాసు నీళ్ళు, నిమ్మరసం, సబ్బు నీళ్ళు.

పువ్వు రేకులను మాత్రమే తుంచి నీళ్ళలో వెయ్యండి. పెద్దవాళ్ళ చేత కాసేపు కాయించి, చల్లారిన తరువాత వడగట్టండి. చిక్కని రంగు నీళ్ళు వస్తాయి. కాయించే ఓపిక లేకపోతే రేకును నేరుగా కాగితం మీద రుద్దినా చాలు. మందారం ఎర్రనిది కదా, కాగితం మీద ఎరుపు రావాలి. కాని వంగపండు రంగు కలిసిన నీలం వస్తుంది!

ఇప్పుడు దాని మీద ఒకచోట నిమ్మరసం చుక్క వెయ్యండి. అక్కడ గులాబీరంగు వస్తుంది. మరొకచోట సబ్బు నీళ్ళు అద్దండి. అక్కడ ఆకుపచ్చ వస్తుంది. మీ పెరట్లో నీలి శంఖుపూలు ఉంటే వాటితోనూ చేసి చూడండి. ఆ నీలం నిమ్మరసం తగిలితే ఊదారంగుకు తిరుగుతుంది.

మందారంలో, శంఖుపువ్వులో, నేరేడుపండులో ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాలు ఉన్నాయి. ఇవి కూడా పసుపు వలెనే ఆమ్లానికి ఒక రంగు, క్షారానికి ఒక రంగు చూపిస్తాయి. మీరు పెద్ద తరగతులకు వెళ్ళిన తరువాత ప్రయోగశాలలో లిట్మస్ కాగితం అని ఇస్తారు. అది చేసే పని ఈ మందారం ఇప్పుడే చేసి చూపుతున్నది.

మా మనవరాలు ఈ మూడు రంగులతో ఒక తోట బొమ్మ వేసింది. మరునాటికి దానిలోని ఆకుపచ్చ కొంత మారిపోయింది. “పాడైపోయింది తాతయ్యా!” అని దిగులుపడింది. “పాడు కాలేదమ్మా, తోటలో కూడా నిన్నటి ఆకు ఇవాళ అట్లాగే ఉండదు కదా!” అన్నాను. పూలరంగులు వెలిసిపోతాయి, మారిపోతాయి. అది వాటి స్వభావం. మళ్ళీ వేసుకోవడానికి పువ్వులు ఉన్నాయి, కాగితాలు ఉన్నాయి.

మూడవ పని: కూరగాయల అచ్చులు

కావలసినవి: ముదిరిన బెండకాయ, లేత బీరకాయ, ఉల్లిపాయ, బంగాళాదుంప, అరటి ఆకు మట్ట, చిక్కగా కలిపిన రంగు ఏదైనా, ఒక పళ్ళెం, పాత గుడ్డ.

పళ్ళెంలో గుడ్డను నాలుగు మడతలు వేసి పరచి, దాని మీద రంగు పొయ్యండి. ఇది అచ్చులవాళ్ళ రంగుదిండు. పెద్దవాళ్ళ చేత కూరగాయలను అడ్డంగా కోయించండి. కోసిన ముఖాన్ని పొడిగుడ్డతో ఒత్తి తడి తీసి, రంగుదిండు మీద నొక్కి, కాగితం మీద అద్దండి. జరపకూడదు, నిటారుగా దించి నిటారుగా ఎత్తాలి.

బెండకాయ అచ్చు చక్కని పువ్వువలె వస్తుంది. దాని రేకులు లెక్కపెట్టండి. సాధారణంగా అయిదు ఉంటాయి. కొన్ని కాయలలో ఎక్కువా ఉండవచ్చు. అవి గింజలు కూర్చునే గదులు. బీరకాయ అచ్చు చూడండి. బయట పది అంచులు, లోపల మూడు గదులు. ఉల్లిపాయలో ఒకదానిలో ఒకటిగా వలయాలు. అరటి మట్టను అడ్డంగా కోసి అద్దితే తేనెపట్టువలె సన్నని గళ్ళు కనబడతాయి. ఆ గళ్ళలో గాలి ఉంటుంది కనుకనే అరటి మట్ట అంత తేలిక. కూర తరిగేటప్పుడు రోజూ చూసే వస్తువులే ఇవి. కాని అచ్చు వేసినప్పుడుగాని వాటి లోపలి అమరిక మన కంటికి ఆనదు.

బంగాళాదుంపను రెండుగా కోసి, ఆ ముఖం మీద మీ పేరులోని మొదటి అక్షరం పెన్సిలుతో రాయండి. అక్షరం మిగిలి, చుట్టూ ఉన్నది పోయేటట్లు చెక్కించి అచ్చు వెయ్యండి. అక్షరం తలకిందులు కాదు కాని, కుడి ఎడమలు తారుమారై వస్తుంది! మరి సరిగా రావాలంటే దుంప మీద ఎట్లా రాయాలి? అద్దం తెచ్చి ఆలోచించండి. తారుమారైనా మారని ఆకారాలు ఏమున్నాయో కూడా వెదకండి. మన సున్న ఒకటి దొరికింది, ఇంకా వెదకండి.

కృష్ణాజిల్లాలో మచిలీపట్నం, పెడన ఊళ్ళలో కలంకారీ బట్టల మీద అచ్చులు వేసే పనివాళ్ళు ఉన్నారు. వాళ్ళ అచ్చులు కర్రతో చెక్కినవి. ఒక పువ్వులో ఎన్ని రంగులు ఉంటే అన్ని అచ్చులు కావాలి. గీతకు ఒకటి, రేకుకు ఒకటి, ఆకుకు ఒకటి. ఒక అచ్చు పడినచోటనే రెండవది వెంట్రుకవాసి తేడా రాకుండా పడాలి. మీరు ఉల్లిపాయ అచ్చు మీద బెండకాయ అచ్చును సరిగ్గా నడుమ పడేటట్లు వేసి చూడండి. ఆ పనివాళ్ళ చేతి నేర్పు ఎంతటిదో అప్పుడు తెలుస్తుంది.

నాలుగవ పని: తుప్పుమేకుల సిరా

ఈ పనికి ఓపిక కావాలి. ఇవాళ మొదలుపెడితే సిరా రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది.

కావలసినవి: పదిహేను తుప్పు పట్టిన మేకులు, నిమ్మకాయంత బెల్లం, గాజుసీసా, నీళ్ళు, గుప్పెడు టీపొడి లేదా నాలుగు కరక్కాయలు.

మేకులను పెద్దవాళ్ళే సీసాలో వెయ్యాలి. తుప్పుమేకు గుచ్చుకుంటే ప్రమాదం. బెల్లం వేసి, మేకులు మునిగేదాకా నీళ్ళు పొయ్యండి. మూత బిగించవద్దు, పలచని గుడ్డ కట్టండి. బెల్లం పులిసి గాలి పుడుతుంది. మూత బిగిస్తే ఆ గాలికి దారి ఉండదు. సీసాను ఒక మూల నీడలో పెట్టి, రోజూ ఒకసారి చూసి, ఏమి మారిందో పుస్తకంలో రాసుకోండి. నురుగు వస్తుంది, వాసన మారుతుంది, నీళ్ళు ముదురురంగుకు తిరుగుతాయి. తరువాత వడగట్టండి.

ఇక కాగితం. టీపొడిని కొద్ది నీళ్ళలో చిక్కగా కాయించి వడగట్టి, చల్లారిన డికాషన్ కాగితానికి పూసి ఆరబెట్టండి. కరక్కాయలు దొరికితే దంచి రాత్రంతా నానబెట్టిన నీళ్ళు ఇంకా మంచివి. ఆరిన కాగితం మీద, సన్నగా చెక్కిన వెదురుపుల్లతో మేకుల నీళ్ళు ముంచి గియ్యండి. కాగితం లేత గోధుమరంగు, మేకుల నీళ్ళు మట్టిరంగు. కాని గీత మాత్రం నల్లగా దిగుతుంది!

టీలోనూ కరక్కాయలోనూ టానిన్ అనే వగరు పదార్థం ఉన్నది. ఇనుము దానితో కలిస్తే నల్లని పదార్థం ఏర్పడుతుంది. పులిసిన బెల్లంలోని పులుపు మేకుల ఇనుమును కొద్దికొద్దిగా కరిగించి నీళ్ళలోకి తెస్తుంది. పూర్వం మనవాళ్ళు కరక్కాయలతో, అన్నభేదితో సిరా చేసుకునేవారు. అన్నభేది అంటే ఇనుముతో ఏర్పడిన ఒక లవణం. ఐరోపాలో కూడా కొన్ని వందల ఏళ్ళపాటు చెట్లకాయల వగరుతో, ఇనుప లవణంతో చేసిన సిరాతోనే రాశారు.

చిత్తూరు సీమలో పుట్టి పెరిగిన శ్రీకాళహస్తి కలంకారీలో నల్లరంగు వచ్చేది ఈ పద్ధతిలోనే. అక్కడి చిత్రకారులు బట్టను ముందుగా కరక్కాయ రసం, గేదెపాలు కలిపిన దానిలో తడిపి ఆరవేస్తారు. పాలలోని వెన్న రంగును పక్కలకు పాకనివ్వదు. ఆ తరువాత ఇనుము, బెల్లం ఊరవేసిన నీళ్ళను కలంతో ముంచి గీతలు గీస్తారు. మన బడిలో సైన్సు ఒక గంట, డ్రాయింగు ఒక గంట. ఆ చిత్రకారులకు రెండూ ఒకే కుండలో ఉన్నాయి.

ఈ సిరా బట్టల మీద పడితే వదలదు. జాగ్రత్త! మా ఇంటి దిండుగలీబు మీద ఒక మచ్చ ఈనాటికీ ఉన్నది. దానికి బాధ్యుడెవరో మా మనవడికీ నాకూ మాత్రమే తెలుసు.

అయిదవ పని: కాగితపు గుజ్జు గిన్నెలు

కావలసినవి: పాత వార్తాపత్రికలు పది, మెంతులు గుప్పెడు, ఒక గిన్నె, కొంచెం నూనె.

పత్రికలను చిన్నచిన్న ముక్కలుగా చింపి రెండు రోజులు నానబెట్టండి. చింపడం చిన్నపిల్లలకు చాలా ఇష్టమైన పని, వాళ్ళకు అప్పగించండి. నానిన కాగితాన్ని పిండి, రోట్లో మెత్తగా దంచాలి. మెంతులను రాత్రి నానబెట్టి ఉదయం రుబ్బి, ఆ జిగురుముద్దను కాగితపు గుజ్జులో కలపండి. చపాతీపిండి అంత గట్టిగా ఉండాలి. గిన్నెను బోర్లించి, బయట నూనె రాసి, దాని మీద గుజ్జును వేలెడు మందం కంటె తక్కువగా అద్దండి. నీడలో ఒక రోజు, తరువాత ఎండలో నాలుగైదు రోజులు ఉంచితే గిన్నె నుంచి ఊడివస్తుంది.

మా చిన్నతనంలో మా అమ్మ ఇట్లాగే బుట్టలు చేసి, వాటిలో పప్పులు పోసి ఉంచేది. మెంతుల చేదు వల్ల పురుగు చేరదని అనేది.

కాగితంలో ఉన్నది చెట్ల పీచు. నానబెట్టి దంచితే ఆ పీచు విడిపోతుంది, ఆరినప్పుడు మళ్ళీ ఒకదానితో ఒకటి పెనవేసుకుంటుంది. మెంతుల జిగురు దానిని పట్టి ఉంచుతుంది. కొండపల్లి బొమ్మలు చూశారు కదా! తేలికైన తెల్లపొణికి కర్రతో చెక్కిన ముక్కలను, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. పేరు వేరైనా ఉపాయం ఒకటే: పీచు, జిగురు.

గుజ్జుతో గిన్నెలే చెయ్యాలని లేదు. ముద్దగా తీసుకుంటే పిల్లి అవుతుంది, ఏనుగు అవుతుంది, ఇంతవరకు ఎవరూ చూడని జంతువూ అవుతుంది.

నా తప్పు

ఇప్పుడు నేను మొదట చెప్పిన కథ. ఇది పిల్లలతోపాటు అమ్మానాన్నలు కూడా చదవాలి.

1985లో నేను ఒక పల్లెటూరి బడిలో ఉపాధ్యాయుడుగా పని చేస్తున్నాను. కొత్త ఉద్యోగం, కొత్త ఉత్సాహం. పాఠం ఎట్లా చెప్పాలో శిక్షణ పొంది వచ్చినవాణ్ణి కనుక నాకు అంతా తెలుసుననుకునేవాణ్ణి. ఒకనాడు ఆరవ తరగతి పిల్లలను, “మీ ఇంట్లో ఉన్న జంతువు బొమ్మ వేసి తీసుకురండి,” అన్నాను.

ఒక కుర్రవాడు గేదె బొమ్మ తెచ్చాడు. పొడుగాటి నల్లని ముద్ద, దానికి ఒక తల, రెండు కొమ్ములు. కింద అడ్డంగా కొన్ని గీతలు. కాళ్ళు లేవు. నేను ఎర్రసిరా కలం తీసి, “కాళ్ళు ఏవి?” అని బొమ్మ మీదనే రాశాను. అంతటితో ఊరుకోలేదు. పక్కన నాలుగు కాళ్ళ గేదెను గీసి, “గేదె అంటే ఇట్లా ఉంటుందిరా!” అని తరగతికంతా చూపించాను. పిల్లలు గొల్లున నవ్వారు. ఆ కుర్రవాడు ఏమీ అనలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మరునాడు అతడు ఇంకొక బొమ్మ తెచ్చాడు. అచ్చంగా నేను గీసిన గేదె. నాలుగు కాళ్ళు ఉన్నాయి. పదికి పది మార్కులు వేసి, వీపు తట్టి, మంచి పని చేశాననుకున్నాను.

ఆ తరువాత ఎప్పుడు బొమ్మ వెయ్యమన్నా అతడు ఒకటే మాట అనేవాడు: “మీరు ఒకటి గీసి ఇవ్వండి మాష్టారూ! చూసి వేస్తాను.”

వానాకాలం వచ్చింది. ఒక సాయంత్రం చెరువుగట్టు మీదుగా నడిచిపోతున్నాను. చెరువులో గేదెలు పడుకుని ఉన్నాయి. నీళ్ళ పైన నల్లని వీపులు, తలలు, కొమ్ములు. అంతే. కింద అలలు అడ్డంగా గీతలు గీసినట్లు కదులుతున్నాయి. ఒక గేదె వీపు మీద ఆ కుర్రవాడు కూర్చుని ఉన్నాడు.

నేను గట్టు మీదనే నిలబడిపోయాను. అతడు రోజూ చూసే గేదెను చూసినట్లే గీశాడు. దానికి కాళ్ళు కనబడవు. నేను గేదెను చూడకుండా, పుస్తకంలోని గేదెను గీసి అతనికి నేర్పాను. “ఈ గీతలేమిటిరా?” అని ఒక్క మాట అడిగి ఉంటే “నీళ్ళు మాష్టారూ” అని చెప్పి ఉండేవాడు.

మరునాడు తరగతిలో అందరి ఎదుటా, “నీ బొమ్మే సరైనదిరా, తప్పు నాది. ఆ బొమ్మ ఉంటే తీసుకురా, గోడకు పెడదాం,” అన్నాను. అతడు సిగ్గుపడి నవ్వి, “అప్పుడే చింపేశాను మాష్టారూ!” అన్నాడు.

అతడు తరువాత బాగానే చదువుకున్నాడు. కాని నేను ఆ బడిలో ఉన్నన్నాళ్ళూ తనంత తాను ఒక్క బొమ్మ గీసినట్లు మళ్ళీ చూడలేదు. ఆనాటి నుంచి పదవీవిరమణ చేసేదాకా నేను ఏ పిల్లవాడి బొమ్మ మీదా ఎర్రసిరా పెట్టలేదు. ప్రధానోపాధ్యాయుణ్ణి అయిన తరువాత తోటి ఉపాధ్యాయులకూ ఈ కథే చెప్పేవాణ్ణి.

రాజమహేంద్రవరంలో 1897లో దామెర్ల రామారావు అనే బాలుడు పుట్టాడు. అతడికి బొమ్మలంటే ప్రాణం. అక్కడి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ ప్రతిభను గుర్తించి ప్రోత్సహించాడు. రామారావు బొంబాయిలోని జె.జె. కళాశాలలో చదివి గొప్ప చిత్రకారుడు అయ్యాడు. 1925లో, 28 ఏళ్ళు నిండకుండానే చనిపోయినా, ఆయన పేరుతో ఆ ఊళ్ళో చిత్రశాల ఉన్నది. అది చూడడానికి వెళ్ళినప్పుడు నాకు రామారావుతోపాటు కూల్డ్రే కూడా గుర్తుకు వచ్చాడు. అందరు పిల్లలూ రామారావులు కానక్కరలేదు. కాని పెద్దవాళ్ళందరూ కొంచెం కూల్డ్రేలు కావచ్చు.

అమ్మానాన్నలకు కొన్ని మాటలు

పిల్లవాడు బొమ్మ చూపించగానే “ఇదేమిటి, ఇట్లా ఉన్నది?” అనకండి. “దీని కథ చెప్పు,” అనండి.

పిల్లల చేతిలోని కుంచె లాక్కుని సరిదిద్దకండి. మీకు గియ్యాలనిపిస్తే ఇంకొక కాగితం తీసుకుని పక్కన కూర్చుని మీ బొమ్మ మీరు వేసుకోండి.

“అక్క బొమ్మ బాగున్నది, నీది బాగాలేదు,” అని పోల్చకండి.

ఫోనులో చూసి అచ్చం అట్లాగే చెయ్యమనకండి. పని ఎట్లా చెయ్యాలో నేర్పవచ్చు. కుంచె పట్టడం, అచ్చు జరగకుండా దించడం నేర్పవలసినవే. ఏమి వెయ్యాలో మాత్రం పిల్లలకు వదలండి.

నేల మీద మరకలు పడతాయి, పడనివ్వండి. తుడవడం కూడా పనిలో భాగమే. గుడ్డ పిల్లల చేతికే ఇవ్వండి.

బొమ్మ వెనుక తేదీ, వాళ్ళు చెప్పిన కథ రెండు ముక్కలు రాసి దాచండి. పదేళ్ళ తరువాత ఆ కట్ట విప్పినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

పోయిన సెలవులలో మా మనవడు పసుపు కాగితం మీద సబ్బు నీళ్ళతో సున్నలు చుట్టాడు. పెద్ద సున్న, దాని తరువాత కొంచెం చిన్నది, ఇంకా చిన్నది. అట్లా కాగితం చివరిదాకా వెళ్ళాడు. “సున్నలు నేర్చుకుంటున్నావా?” అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ముప్పైఅయిదేళ్ళకు పైగా పాఠాలు చెప్పినవాడికి కూడా ఆ అలవాటు అంత సులభంగా పోదు. మాట మింగి, “దీని కథ చెప్పు నాయనా,” అన్నాను.

“ఇది ఐసుబండి గంట తాతయ్యా!” అన్నాడు. “మన ఇంటిముందు పెద్దగా మోగుతుంది. వీధి చివరికి పోయేసరికి చిన్నదైపోతుంది.”

నేను ఆ కాగితం వెనుక తేదీ వేసి, ఈ మాట రాసి పెట్టాను.

పిల్లలూ! ఈ ఆదివారం పోపులపెట్టె తెరవండి. ముందు అమ్మనడిగి తీసుకోండి సుమా! మీ బొమ్మ ఎట్లా వచ్చినా చింపవద్దు. ఎవరైనా నవ్వితే దాని కథ చెప్పండి.